బిట్‌కాయిన్ పంపారు, ఇంకా కన్ఫర్మ్ కాలేదా? ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి

పంపి గంటన్నర దాటింది. వాలెట్‌లో ఇంకా ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ అనే కనిపిస్తోంది, అవతలి మనిషి పది నిమిషాలకోసారి ‘ఇంకా రాలేదండీ’ అని మెసేజ్ పెడుతున్నాడు. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసేది అదే మొత్తాన్ని మళ్లీ పంపడం, తర్వాత చేసేది టెలిగ్రామ్‌లో ఎవరో ఒకరిని సాయం అడగడం. దయచేసి ఆ రెండూ చేయకండి. నాకు తెలిసినవాళ్లలో ట్రాన్సాక్షన్ ఆలస్యమైనందుకు డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు, ఆ టెన్షన్‌లో చేసిన పనుల వల్ల పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనకు యూపీఐ అలవాటైపోయింది. స్కాన్ చేస్తే రెండు సెకన్లలో కొట్లో సౌండ్ బాక్స్ మోగుతుంది, ఎప్పుడైనా మధ్యలో ఆగినా ఒకటి రెండు రోజుల్లో డబ్బు వెనక్కి పడుతుంది, పడకపోతే బ్యాంకును అడుగుతాం. బిట్‌కాయిన్‌లో అడగడానికి బ్యాంకు లేదు. నెట్‌వర్క్‌లోకి వెళ్లాక మీ ట్రాన్సాక్షన్‌ను ఎవరూ పట్టుకుని ఆపరు కాబట్టి వదలమని ఎవరినీ బతిమాలే పని కూడా లేదు. అక్కడ ఉన్నది ఒక క్యూ మాత్రమే, అది ఎలా కదులుతుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

ఆగిందంటే మూడు చోట్లలో ఏదో ఒకచోట ఆగి ఉంటుంది: మీరు పంపిన ఎక్స్చేంజ్ (క్రిప్టో కొని అమ్మే యాప్) లోపలే ఉండొచ్చు, దారిలో క్యూలో ఉండొచ్చు, లేదా ఎప్పుడో చేరిపోయినా అవతలి ఎక్స్చేంజ్ ఇంకా ఖాతాలో చూపించకపోవచ్చు. మూడింటికీ మందు వేరు. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేస్తే ఏమీ జరగదు, అందుకే ఏం చేసినా ముందు చోటు కనుక్కోవాలి.

ముందు టీఎక్స్‌ఐడీ ఉందా?

ఎక్స్చేంజ్ యాప్‌లో విత్‌డ్రా నొక్కగానే కాయిన్ బయలుదేరినట్టు కాదు. చాలా ఎక్స్చేంజ్‌లు కాసేపు లోపల తనిఖీ చేస్తాయి, కొన్ని చాలామంది విత్‌డ్రాలను కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా పంపుతాయి, మొత్తం పెద్దదైతే మనిషి చూసి ఓకే చేసేదాకా ఆపుతాయి. మన దేశంలో 2023 మార్చి నుంచి క్రిప్టో వ్యాపారాలన్నీ మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఎవరికి పంపుతున్నారు, ఆ వాలెట్ మీదేనా అని అడగడం మామూలైంది. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాలని మీకొచ్చిన ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉంటే, మీరు ఇక్కడ ట్రాన్సాక్షన్లను కన్ఫర్మ్ చేసే మైనర్లను తిట్టుకుంటూ కూర్చుంటారు.

గుర్తుపట్టడం తేలికే. విత్‌డ్రా హిస్టరీలో ఆ లావాదేవీ మీద నొక్కితే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి వరుస కనిపించాలి. దాన్నే టీఎక్స్‌ఐడీ అనీ ట్రాన్సాక్షన్ హ్యాష్ అనీ అంటారు. అది లేదంటే మీ బిట్‌కాయిన్ ఇంకా నెట్‌వర్క్ ముఖం చూడలేదు, ఎక్స్చేంజ్ సపోర్ట్‌కు టికెట్ పెట్టడం తప్ప దారి లేదు. ఉంటే దాన్ని కాపీ చేసుకుని మెంపూల్ డాట్ స్పేస్ లాంటి బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఏ ట్రాన్సాక్షన్ ఎక్కడుందో ఎవరైనా చూసుకోగల సైట్‌లో, వెతకండి. సైట్ పేరు మీరే టైప్ చేయండి, ఎవరో పంపిన లింక్ నొక్కకండి. వెతకగానే ఎన్ని కన్ఫర్మేషన్లు వచ్చాయో, ఎంత ఫీజు కట్టారో, క్యూలో ముందున్నారో వెనకున్నారో అన్నీ అక్కడే ఉంటాయి.

దారిలో ఎందుకు ఆగుతుంది

సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దగ్గర నిలబడి విజయవాడ బస్సు కోసం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బస్సులో సీట్లు ఇన్నే అని ఉంటాయి, రోడ్డు మీద జనం వేలల్లో ఉంటారు, ప్రైవేటు బస్సువాడు ఎక్కువ ఇస్తానన్నవాణ్నే ముందు ఎక్కించుకుంటాడు. బిట్‌కాయిన్‌లో ఆ బస్సు పేరు బ్లాక్, అంటే ట్రాన్సాక్షన్ల మూట. మీది ఒక బ్లాకులోకి ఎక్కితే ఒక కన్ఫర్మేషన్, దాని తర్వాత వచ్చే ఒక్కో బ్లాకుకు ఇంకొకటి. కన్ఫర్మ్ కాని ట్రాన్సాక్షన్లు ఎదురుచూసే చోటును మెంపూల్ అంటారు. మైనర్ ఒక బ్లాక్ కట్టేటప్పుడు మెంపూల్‌లో ఎక్కువ ఫీజు రేటు ఉన్నవాటిని ముందు ఏరుకుంటాడు. ముందొచ్చినవాళ్లకు ముందు అనే నియమం అక్కడ లేదు. మీరు పొద్దున పంపినది అలాగే ఉండగా మధ్యాహ్నం పంపినవాడిది ముందు వెళ్లిపోవడానికి కారణం ఇదే.

బ్లాకులో పట్టేది కూడా పెద్దగా ఏమీ ఉండదు. మామూలుగా ఒక్కోదానిలో రెండు వేల నుంచి నాలుగు వేల ట్రాన్సాక్షన్లు పడతాయి, అది ప్రపంచం మొత్తానికి. సగటున 10 నిమిషాలకు ఒక బ్లాక్, అంటే రోజుకు 144. ఈ ‘సగటున’ అనే మాట దగ్గరే అందరూ పొరబడతారు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

బ్లాక్ దొరకడం లాటరీ లాంటిది. ప్రపంచంలో ఎక్కడో ఒక మెషీన్‌కు సరైన అంకె తగలాలి, అది రెండు నిమిషాల్లో తగలొచ్చు, యాభై నిమిషాలకూ తగలకపోవచ్చు. లెక్క వేస్తే ప్రతి ఇరవై బ్లాకుల్లో ఒకటి అరగంట కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంటే రోజుకు ఏడుసార్లు అలా జరుగుతుంది. గంట దాటే బ్లాక్ దాదాపు నాలుగు వందల్లో ఒకటి, అంటే మూడు రోజులకోసారి. మీరు పంపిన సమయం సరిగ్గా అలాంటి ఖాళీలో పడితే ఎంత ఫీజు కట్టినా చేసేదేమీ లేదు. ఇంకో మాట, చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు: నలభై నిమిషాలుగా బ్లాక్ రాలేదు కదా, ఇక రాబోతోంది అనుకోవడానికి లేదు. ఆ నలభై నిమిషాలకు విలువ లేదు, ఇప్పటి నుంచి కూడా సగటు ఎదురుచూపు మళ్లీ 10 నిమిషాలే.

మైనింగ్ మెషీన్లు పెరిగినా తగ్గినా ఈ సగటు 10 నిమిషాల దగ్గరే నిలబడాలని ప్రతి 2016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకోసారి, లెక్క కష్టాన్ని నెట్‌వర్క్ తనంతట తానే సర్దుకుంటుంది. ఆలోపల మెషీన్లు హఠాత్తుగా ఆగిపోతే అది సర్దుకునేదాకా నెమ్మదే. 2021లో చైనా మైనింగ్‌ను అణిచేసినప్పుడు అదే జరిగింది, జూలై 3న కష్టం దాదాపు 28 శాతం తగ్గేదాకా బ్లాకులు ఈడ్చుకుంటూ వచ్చాయి.

ఫీజు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కోటి రూపాయల బిట్‌కాయిన్ పంపినా వెయ్యి రూపాయలది పంపినా ఫీజు ఒకటే కావచ్చు. మైనర్ చూసేది ఆ ట్రాన్సాక్షన్ బ్లాకులో ఎంత జాగా తింటుంది, ఆ జాగాకు మీరెంత ఇస్తున్నారు అన్నదే. జాగాను వీబైట్లలో కొలుస్తారు, రేటును వీబైట్‌కు ఇన్ని సతోషీలు అని చెబుతారు, ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు.

బీసీ1క్యూ అని మొదలయ్యే అడ్రస్ నుంచి, ఒకచోటి నుంచి వచ్చిన కాయిన్‌తో ఒకరికి పంపి చిల్లర వెనక్కి తీసుకుంటే దాదాపు 141 వీబైట్లు అవుతుంది. రేటు 10 సతోషీలైతే ఫీజు 1,410 సతోషీలు. అదే ‘1’తో మొదలయ్యే పాత రకం అడ్రస్ నుంచైతే 226 వీబైట్ల దాకా పడుతుంది, అంటే ఒక్క అడ్రస్ రకం మారినందుకే ఫీజు ఒకటిన్నర రెట్లు. అసలు దెబ్బ తగిలేది చిన్న చిన్న మొత్తాలు పోగేసినవాళ్లకు. మీ వాలెట్‌లోకి నలభై సార్లు కొంచెం కొంచెంగా వచ్చి ఉంటే, అన్నీ కలిపి ఒకేసారి పంపడమంటే నలభై నోట్లు విడివిడిగా లెక్కపెట్టి ఇచ్చినట్టు. ఒక్కో నోటుకు 68 వీబైట్ల చొప్పున మొత్తం 2,750 దాటుతుంది, ఫీజు ఇరవై రెట్లు. వాలెట్ చూపించిన ఫీజు చూసి భయపడి తక్కువకు మారుస్తారు, అక్కడే ఇరుక్కుంటారు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. 2024 ఏప్రిల్ 20న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున, 840000వ బ్లాక్‌తో హావింగ్ జరిగింది, అంటే మైనర్లకు ఒక్కో బ్లాకుకు వచ్చే కొత్త బిట్‌కాయిన్లు సగమయ్యాయి. అదే బ్లాకు నుంచి రూన్స్ అనే కొత్త టోకెన్లు మొదలయ్యాయి, వాటి కోసం జనం ఎగబడ్డారు, ఆ ఒక్క బ్లాకులోనే 37కు పైగా బిట్‌కాయిన్లు ఫీజుగా వచ్చాయి. ఆ రోజు ట్రాన్సాక్షన్‌కు సగటు ఫీజు 100 డాలర్లు దాటింది. నేను ఆ సంగతేమీ పట్టించుకోకుండా, వారం కింద సరిపోయిన రేటుతోనే పొద్దున్నే పంపాను. నాలుగు రోజులు అలాగే ఉండిపోయింది. మొదటి రోజు అన్నం కూడా సరిగా తినలేదు, ప్రతి అరగంటకూ తెరిచి చూడటమే. నాలుగో రోజు రద్దీ కాస్త తగ్గాక ఫీజు పెంచితే గంటలోపల వెళ్లిపోయింది. ఫీజు పెంచవచ్చని నాకు మొదటి రోజే తెలిసి ఉంటే కనీసం నిద్రయినా పట్టేది.

అంతకుముందు 2017 డిసెంబర్‌లో ధర ఆకాశానికి ఎక్కినప్పుడూ, 2023 మేలో బీఆర్‌సీ-20 టోకెన్ల గోలలోనూ ఇదే కథ. 2023లో మెంపూల్‌లో నాలుగు లక్షల ట్రాన్సాక్షన్లు పేరుకుపోయి బైనాన్స్ లాంటి పెద్ద ఎక్స్చేంజ్ కూడా బిట్‌కాయిన్ విత్‌డ్రాలను కాసేపు ఆపాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో తప్పు మీది కాదు, ఊరంతా పండగకు బయలుదేరింది, అంతే.

ఇరుక్కుంటే ఏం చేయాలి

మొదటిది, ఆగగలిగితే ఆగండి. తొందర లేని డబ్బు అయితే ఇదే మంచి మార్గం. వారాంతాల్లో సాధారణంగా రద్దీ తగ్గుతుంది, తక్కువ ఫీజువి కూడా అప్పుడు కదులుతాయి. మరీ తక్కువ పెట్టి ఉంటే, చాలా నోడ్లు (నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లు) రెండు వారాల తర్వాత దాన్ని తమ మెంపూల్ నుంచి తీసేస్తాయి, మెంపూల్ నిండిపోతే అంతకంటే ముందే తీసేస్తాయి. అప్పుడు ఆ కాయిన్ మళ్లీ మీ వాలెట్‌లో ఖర్చుపెట్టుకునేలా కనిపిస్తుంది. నిజానికి అది మీ దగ్గర నుంచి ఎక్కడికీ కదల్లేదు, బ్లాకులోకి ఎక్కేదాకా మీదే.

తొందరగా వెళ్లాలంటే, పంపింది మీ సొంత వాలెట్ నుంచే అయితే, ఫీజు పెంచండి. దీన్ని ఆర్‌బీఎఫ్ (రీప్లేస్ బై ఫీ) అంటారు: అదే కాయిన్‌ను వాడుతూ ఎక్కువ ఫీజుతో కొత్త ట్రాన్సాక్షన్ పంపితే పాతదాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. రెండూ కన్ఫర్మ్ కావడం అసాధ్యం, కాబట్టి డబ్బు రెండుసార్లు పోతుందనే భయం లేదు. ఎలక్ట్రమ్, స్పారో, బ్లూవాలెట్ లాంటి వాలెట్లలో పెండింగ్ ట్రాన్సాక్షన్ మీద నొక్కితే ఫీజు పెంచే బటన్ ఉంటుంది. ఎంత పెంచాలో ఎక్స్‌ప్లోరర్ మొదటి పేజీలో చూసుకోండి, వచ్చే బ్లాకుకు కావాల్సిన రేటు అక్కడ రాసే ఉంటుంది. కొత్తది పంపాక టీఎక్స్‌ఐడీ మారిపోతుందని మర్చిపోకండి, అవతలివాళ్లకు కొత్త నంబర్ పంపండి, లేకపోతే వాళ్లు పాతదాన్ని వెతికి అది కనబడక మీరు మోసం చేశారనుకుంటారు.

ఆ బటన్ కోసం వెతక్కుండా ‘సెండ్’ నొక్కి మళ్లీ అదే మొత్తం పంపితే మాత్రం వాలెట్ వేరే కాయిన్ తీసుకుంటుంది, అప్పుడు రెండూ కన్ఫర్మ్ అవుతాయి, అవతలి మనిషికి రెట్టింపు వెళ్తుంది. మొదట్లోనే మళ్లీ పంపొద్దని చెప్పింది ఇందుకే.

డబ్బు మీకు రావాల్సి ఉండి పంపినవాడు పట్టించుకోకపోతే ఇంకో దారి ఉంది, సీపీఎఫ్‌పీ (చైల్డ్ పేస్ ఫర్ పేరెంట్). మీకు రాబోతున్న ఆ కన్ఫర్మ్ కాని కాయిన్‌నే మీ ఇంకో అడ్రస్‌కు ఎక్కువ ఫీజుతో పంపండి. ఇరుక్కున్నది తల్లి, మీరు ఇప్పుడు పంపేది పిల్ల. పిల్ల ట్రాన్సాక్షన్ ఫీజు కావాలంటే మైనర్ తల్లిని కూడా ఎక్కించుకోవాల్సిందే. లెక్క ఇలా: తల్లి 141 వీబైట్లు, రేటు 2, కట్టింది 282 సతోషీలు. పిల్ల 110 వీబైట్లు. రెండూ కలిపి 10 రేటుకు రావాలంటే 251 వీబైట్లకు 2,510 సతోషీలు కావాలి, అందులో 282 పోగా పిల్ల మీద 2,228 పెట్టాలి, అంటే పిల్ల రేటు దాదాపు 20. పిల్లకు 10 పెడితే చాలనుకుని చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. మీరు ఇచ్చిన అడ్రస్ ఎక్స్చేంజ్‌ది అయితే ఇది కుదరదు, తాళం మీ దగ్గర ఉన్న వాలెట్ అయితేనే.

ఎక్స్చేంజ్ నుంచి పంపినదానికి ఫీజు పెంచడం కూడా మీ చేతిలో ఉండదు. అక్కడ సపోర్ట్‌కు టీఎక్స్‌ఐడీతో సహా రాసి ఆగడమే.

కన్ఫర్మ్ అయింది, కానీ ఖాతాలో లేదు

ఎక్స్‌ప్లోరర్‌లో ఒక కన్ఫర్మేషన్ కనిపిస్తోంది, ఎక్స్చేంజ్ మాత్రం డిపాజిట్ ‘ప్రాసెసింగ్’ అంటోంది. ఒక్కో ఎక్స్చేంజ్ ఒక్కో లెక్క పెట్టుకుంటుంది, ఒకటికి రెండు కన్ఫర్మేషన్లు చాలు, ఇంకోటి ఆరు అడుగుతుంది. ఆరంటే సగటున గంట. ఎందుకంత జాగ్రత్త అంటే, చివరి ఒకటి రెండు బ్లాకులు ఎప్పుడైనా తారుమారు కావచ్చు. 2013 మార్చిలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కూ పాతదానికీ పొసగక బ్లాకుల గొలుసు రెండుగా చీలి, ఒకవైపు ఇరవైకి పైగా బ్లాకులు చెల్లకుండా పోయాయి. అది చాలా అరుదు, కానీ ఎక్స్చేంజ్ నడిపేవాళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే ఉంటారు. ఆరు దాటి ఇంకో రెండు గంటలైనా రాకపోతే అప్పుడు టికెట్ పెట్టండి. అంతకుముందు అడ్రస్ మొదటి, చివరి అక్షరాలు సరిపోయాయో లేదో మీరే ఒకసారి చూసుకోండి.

ఈథీరియం, యూఎస్‌డీటీ అయితే

ఈథీరియంలో 12 సెకన్లకో బ్లాక్, కాబట్టి అరగంట ఆగిందంటే సాధారణంగా కారణం రెండింట్లో ఒకటి. గ్యాస్ ఫీజు (అక్కడి ట్రాన్సాక్షన్ ఫీజు) పరిమితి మరీ తక్కువ పెట్టి ఉంటారు, లేదా మీ పాత ట్రాన్సాక్షన్ ఏదో ముందు ఇరుక్కుని ఉంటుంది. అక్కడ ఒక్కో అకౌంట్ నుంచి వెళ్లేవాటికి నాన్స్ అనే వరుస నంబర్ ఉంటుంది, 7 వెళ్లకుండా 8 కదలదు. వెనకదానికి ఎంత ఫీజు పెంచినా ఉపయోగం ఉండదు, ముందు ఇరుక్కున్నదాన్నే తియ్యాలి. మెటామాస్క్ వాలెట్‌లో స్పీడప్, క్యాన్సిల్ అనే బటన్లు చేసేది అదే నాన్స్‌తో కనీసం 10 శాతం ఎక్కువ ఫీజుకు ఇంకోటి పంపడం. క్యాన్సిల్ అంటే మీకు మీరే సున్నా ఈథర్ పంపుకోవడం, దానికీ గ్యాస్ ఖర్చవుతుంది.

ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన కాయిన్) అయితే మూడు సెకన్లకో బ్లాక్. పది నిమిషాలు దాటిందంటే చాలావరకు ఎక్స్చేంజ్ దగ్గరే ఆగింది, లేదా తప్పు నెట్‌వర్క్ ఎంచుకున్నారు. ఈ రెండోది ఆలస్యం కాదు, వేరే సమస్య, వెంటనే డిపాజిట్ చేసిన ఎక్స్చేంజ్‌కు రాయండి.

సాయం చేస్తామని వచ్చేవాళ్లు

ఇరుక్కుందని ఎక్కడైనా రాయగానే పది మంది ఇన్‌బాక్స్‌కు వస్తారు. మైనర్లు తెలుసంటారు, నోడ్ సింక్ చేయాలంటారు, వాలెట్ వెరిఫై చేయాలని ఒక పేజీ ఇచ్చి 12 పదాలు టైప్ చేయమంటారు. ఆ 12 లేదా 24 పదాలే మీ వాలెట్ తాళం, అవి ఇచ్చిన క్షణంలో వాలెట్ ఖాళీ అవుతుంది. ఈ పైన చెప్పిన ఏ పనికీ ఆ పదాలు ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం లేదు, ఏ ఒక్కదానికీ లేదు. ఇంకో రకం మోసంలో, మీకు రావాల్సిన పెద్ద మొత్తం దారిలో ఆగిందని స్క్రీన్‌షాట్ చూపించి, విడిపించడానికి ముందు కొంత ఫీజు పంపమంటారు. అందుకునేవాడు ఇంకెవరికో ముందు డబ్బు పంపి విడిపించుకునే పద్ధతే బిట్‌కాయిన్‌లో లేదు. టీఎక్స్‌ఐడీ అడగండి, ఎక్స్‌ప్లోరర్‌లో మీరే వెతకండి, లేకపోతే అసలు పంపలేదనే అర్థం. ఇప్పటికే పదాలు చెప్పేసి ఉంటే, వాలెట్‌లో ఇంకేమైనా మిగిలి ఉంటే కొత్త వాలెట్‌కు మార్చేసి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమ్మేవైపు ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. కన్ఫర్మ్ కానిదాన్ని చూసి వస్తువు ఇచ్చేయకండి. ఫీజు పెంచడానికి వాడే ఆర్‌బీఎఫ్‌తోనే పంపినవాడు ఆ డబ్బును తన అడ్రస్‌కే తిప్పుకోగలడు.

ఈసారి పంపేముందు మెంపూల్ ఒకసారి తెరిచి ఆ గంటలో రేటు ఎంతుందో చూడండి, వాలెట్ సెట్టింగ్‌లో ఆర్‌బీఎఫ్ ఆన్ ఉందో లేదో చూడండి. చిన్న చిన్న మొత్తాలు పోగై ఉంటే రద్దీ లేని ఆదివారం చూసి అన్నీ మీ అడ్రస్‌కే కలిపి ఒకటిగా చేసుకోండి. పెద్ద మొత్తమైతే ముందు కొంచెం పంపి, అది చేరాక మిగతాది పంపండి, తొందరగా కావాల్సినప్పుడు ఇది గంట ఆలస్యమే కానీ అడ్రస్ తప్పైతే ఆ గంటే కాపాడుతుంది. పంపగానే టీఎక్స్‌ఐడీని అవతలివాళ్లకు వాట్సాప్‌లో పెట్టి, ఎక్కడ చూడాలో ఒక్క ముక్క చెప్పండి. నేను ఇప్పుడు అమెరికాలో ఉన్న మా బావకు పంపినా అలాగే చేస్తున్నాను, ‘ఇంకా రాలేదు’ అని ఫోన్ రావడం మానేసింది, తనే చూసుకుని ‘మూడు కన్ఫర్మేషన్లు అయ్యాయి’ అని మెసేజ్ పెడుతున్నాడు.